లక్కీ డ్రా తరువాతి పాట

మార్చి 8, 2009, ఆదివారం

సూరాయమ్మా, నిన్న భోజనాల దగ్గర నువ్వు అన్నది తప్పు. ఆ జపాను పాట పాట కాదనీ, గిన్నెల మోత అనీ అన్నావు. మనవరాలు కంచంలో పెరుగన్నం వదిలేసి లేచిపోయింది. ఇవాళ అది పరీక్షకు వెళ్ళాక ఆ సీడీ నువ్వే పెట్టుకుని విన్నావు, ఒకసారి కాదు. గిన్నెల మోత కాదు. దానికో లెక్క ఉంది.

నన్ను నేను పేరు పెట్టి పిలుచుకోవడం పిచ్చి కాదు. కాకినాడ ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెబుతూ ఊరందరి కాపీలూ దిద్దాను. నా కాపీ దిద్దడానికి ఈ ఇంట్లో ఇంకెవరికీ ధైర్యం చాలదు.

ఆ పాట సంగతి. దేవికకు పదమూడు నడుస్తోంది. దాని ప్రాణస్నేహితురాలు జీనత్. ఇక్కడ కువైట్‌లో, ఫర్వానియాలో మా వెనక వీధే, రాయచోటి వాళ్ళు. తండ్రి షావలి ఒక జపాను ఇంజనీరు దగ్గర డ్రైవరు. ఆ ఇంజనీరు భార్య శీతాకాలంలో జీనత్‌కి ఈ సీడీ ఇచ్చింది. మినామి క్రూ అని ఐదుగురు ఆడపిల్లల బృందమట. మినామి అంటే దక్షిణం అని దేవిక చెప్పింది. అయితే మన దక్షిణాది దండే అన్నమాట అన్నాను. నవ్వలేదు.

"డెబ్యూ సింగిల్ అమ్మమ్మా. వాళ్ళ ఫస్ట్ పాట."

"ఒక్క పాటకి ఒక పళ్ళెమా? ఈ దుబారాతో బృందం బాగుపడినట్టే."

"రెండున్నాయి. రెండోది సేమ్ పాట, కానీ వాయిస్ ఉండదు."

"అయితే అది బాగుంటుంది."

అదీ తప్పే. గొంతులున్నదే బాగుంది. ముందు ఇద్దరు మామూలుగా పాడతారు. మధ్యలో ఒక పిల్ల ఊపిరి తీసుకోకుండా మాటలు కురిపిస్తుంది. దాన్ని హిప్‌హాప్ అంటారట. మన దగ్గర దండకం అంటారు. పాదం విరవకుండా, గణం మీద గణం పేర్చుకుంటూ పోవడం. ఆ పిల్ల రెండో అక్షరం కూడా కలుపుతోంది, ఎవరూ చెప్పకుండానే ప్రాస వేస్తోంది. అర్థం కూడా దేవికే చెప్పింది: ఒక పిల్ల స్నేహితురాలి ఇంట్లో గొడుగు కావాలనే మర్చిపోతుంది, మళ్ళీ రావడానికి సాకుండాలని. కువైట్‌లో గొడుగు మీద పాట! ఇక్కడ గొడుగు మర్చిపోతే మళ్ళీ ఏడాదికి గాని గుర్తురాదు.

ఈ పాటకే దేవికా, జీనతూ ఉగాది సభలో పాడుతూ ఆడతారట. జపాను మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టారు. జనవరి నుంచి ఇదే పని.

ఉగాదికి నేను రాసిన ఐదు పద్యాలు దేవిక చదవాలి. రెండేళ్ళుగా అదే చదువుతోంది. ఈసారి, "పద్యాలు నెక్స్ట్ ఇయర్ చదువుతా అమ్మమ్మా, ప్లీజ్," అంది. సరే అన్నాను. నాకు కోపం లేదు.

మార్చి 10

కోపం లేదని మొన్న రాశాను. ఇవాళ కూడా లేదు.

మార్చి 13, శుక్రవారం

ఉగాది సభ ఏర్పాట్లకు తెలుగు సంఘం వాళ్ళు మన ఇంట్లోనే కూర్చున్నారు. అధ్యక్షుడు అచ్చిబాబు అమలాపురం మనిషి, దజీజ్‌లో ఏదో గోడౌను చూస్తాడు. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా మాట చివర "అండి" రాలిపోలేదు. అల్లుడు సాయిరామ్ కాగితం పట్టుకుని రాస్తున్నాడు. మా అమ్మాయి పద్మశ్రీ వంటింట్లో పెసరట్లు వేస్తోంది.

"పిల్లల ఐటమ్సే తేలట్లేదండమ్మగారూ. అందరూ ముందే కావాలంటారండి. చీఫ్ గెస్టు గారు ఏడింటికొచ్చి స్పీచి మొదలెడితే ఇక ఆపేదెవరండి?"

ఈ ఊళ్ళో సభలకు వెళ్ళే ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతి ఒకటుంది. లక్కీ డ్రా తరువాత పెట్టిన ఐటమ్ అంటే లేని ఐటమ్. బంగారు కాసు ఎవరికి తగిలిందో తేలేదాకే జనం కుర్చీల్లో ఉంటారు. తేలాక పులిహోర పొట్లాల దగ్గర ఉంటారు. పది కొట్టేసరికి సభ జరిగే స్కూలు వాచ్‌మన్ దీపాలు ఆర్పుతాడు. ఏ ఐటమైనా వద్దనుకుంటే సంఘం దాన్ని కొట్టెయ్యదు. తల్లిదండ్రులతో పేచీ ఎందుకు? డ్రా తరువాతకు జరుపుతుంది. అంతే, దాని ఆయుష్షు తీరినట్టు.

"చిన్నపిల్లల్ని ముందు పెట్టండి," అన్నాను. "వాళ్ళు నిద్రకు ఆగలేరు. పెద్దపిల్లలు ఆగగలరు. డ్రా తరువాత వేసినా ఫరవాలేదు."

"పెద్దపిల్లలంటే మన దేవికమ్మ డాన్సూ దాంట్లోకే వస్తాదండి మరి."

"మా పిల్లని మినహాయించమంటే నలుగురూ ఏమంటారు?"

అచ్చిబాబు చేతులు జోడించాడు. "అదండీ పెద్దరికమంటే! రాసెయ్యండి సాయిరామ్ గారూ."

సాయిరామ్ రాసేశాడు. అతనికి మనవాళ్ళ సభల సంగతి తెలియదు. ఆఖరిదాకా ఎప్పుడూ ఉండలేదు.

నేను కొట్టెయ్యలేదు. వరుస చెప్పాను. చిన్నపిల్లలు నిద్రకు ఆగలేరన్నది నిజమే కదా.

జీనత్ డ్రైవరు కూతురని కాదు. ఆ కారణం కానే కాదు.

మార్చి 14

ఆ కారణం కాదని ఎవరూ అడగకుండా ఎందుకు రాశావు, సూరాయమ్మా?

మార్చి 18, బుధవారం

మధ్యాహ్నం జీనత్ తల్లి బుడేన్‌బీ పిల్లలిద్దరికీ కుట్టిన బట్టలు పట్టుకుని వచ్చింది. పసుపుపచ్చ వానకోట్లు. ఈ ఎడారిలో వానకోటు గుడ్డ ఎక్కడ దొరికిందని అడిగాను.

"యాడ దొరుకుతాదమ్మా? బాత్రూములో కట్టే పరదా అది. రెండు కొన్న్యా. కుట్టేతలికి సూదులిరిగిపాయ."

పరదాకున్న కన్నాలు భుజాల మీద బొత్తాల్లా వచ్చేలా కుట్టింది. ఇద్దరూ తొడుక్కుని హాల్లో నిలబడ్డారు. దేవిక గొంతులేని రెండో పాట పెట్టింది.

ఎగతాళి చేద్దామనే కూర్చున్నాను. మొదటి చరణం దేవికది. గొంతు సన్నం, శ్రుతి మాత్రం తప్పదు, అది నా పోలిక. ఆ తరువాత జీనత్ ముందుకొచ్చి ఆ దండకం అందుకుంది. ఆ పిల్ల మామూలుగా ఎవరితోనూ మాట్లాడదు, నన్ను చూస్తే గోడకు అంటుకుపోతుంది. ఆ పిల్లేనా అనిపించింది. అరక్షణం ఆలస్యం లేదు, ఒక్క అక్షరం మింగలేదు. ఆఖరి పాదంలో మాత్రం ఊపిరి చాలక తడబడింది.

"ఇలా రా," అన్నాను. వచ్చింది. "ఆ మాట తరువాత విరుపుంది, అక్కడ తీసుకో ఊపిరి. ముందే తీసుకుంటే చివర్లో నీటిలోంచి తీసిన చేపవవుతావు."

"అవ్వా, మీకు ఈ పాట వచ్చునా?" అంది.

"పాట రాదు. ఊపిరి వచ్చు."

మళ్ళీ పాడింది. తడబడలేదు. ఇద్దరూ ఎగిరి నా మీద పడ్డారు. ఆ పరదాల చప్పుడుకు నా మాట నాకే వినబడలేదు.

పిల్లలు గదిలోకి వెళ్ళాక బుడేన్‌బీ టీ చేతిలో పట్టుకుని చెప్పింది. ఇంజనీరు పని అయిపోయి పోయిన నెలే జపాను వెళ్ళిపోయాడు. కంపెనీ షావలి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేసింది.

"ఖలాస్ అమ్మా. ఈ నెల ఇరవైతొమ్మిదికి టికెట్టు. ఇంగ మళ్ళా వచ్చేది లేదు."

"దేవిక నాకు చెప్పలేదే?"

"మా పాపే ఒట్టు పెట్టిచ్చుకునింది. అందరికీ తెలిస్తే అందరూ ఏడుస్తా చూస్తారంట. నగుతా ఆడి పోవల్లంట. ఈ డాన్సు అయ్యేదాకా ఊరికి పోయే మాటే ఎత్తద్దనింది మాతో గూడ."

టీ చల్లారిపోయింది. నాది.

"అమ్మా, ఒకటి చెప్తా. మా పిల్లోళ్ళది డ్రా అయినాంక పెట్నారంట. అప్పుడు ఎవురుంటారు? మీరు పెద్దాయమ్మ. మీరొక మాట చెప్తే అచ్చిబాబు సారు తీసెయ్యడు."

గదిలోంచి దేవిక అరిచింది: "ఆంటీ, అమ్మమ్మ చెప్తుంది! అమ్మమ్మ చెప్తే అందరూ వింటారు."

నా నోటినుంచి వచ్చిన మాట: "చూస్తాను."

మార్చి 19

ఫోను ఎత్తాను. పెట్టేశాను. "మీరే కదండీ చెప్పారు" అంటాడు అచ్చిబాబు. సంఘం మనిషి కాబట్టి పదిమందికీ చెబుతాడు.

ఈసారి సభ వేళకు మొదలవుతుందేమో. అవ్వకూడదని ఏముంది?

మార్చి 22

అన్నం తింటూ దేవిక అచ్చిబాబును తిట్టింది. "ఆయనకి మా డాన్స్ అంటే పడదు అమ్మమ్మా. కావాలనే లాస్ట్‌లో పెట్టాడు."

నేనన్నాను: "గోడౌను చూసుకునే మనిషికి కళలేం తెలుస్తాయి?"

ఈ మాట రాయకుండా ఉందామనుకున్నాను. చదివే వాళ్ళెవరూ లేరు కనుక రాశాను.

మార్చి 24, మంగళవారం

ఫోను చేశాను. నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకుని చేస్తే అచ్చిబాబు ఒక్కదానికీ అవకాశం ఇవ్వలేదు. నేను చెప్పిన వరుసేనని గుర్తు కూడా చెయ్యలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ముందుకి తేవడం కష్టమేనండమ్మగారూ. డ్రాకి ముందర సూది దూరే సందు లేదండి. ఎవరో ఒకరు తప్పుకుంటే తప్ప..." ఆగాడు. "అన్నట్టు, దీపారాధన అవ్వగానే తమరి పద్యాలు ఉన్నాయి కదండీ. దేవికమ్మ చదవట్లేదు, తమరే చదువుతానన్నారు. అదొక ఏడెనిమిది నిమిషాలండి. తమరు ఆ జాగా పిల్లలకిచ్చేత్తానంటే ఇప్పుడే మార్పిచ్చేత్తానండి."

"ఆలోచిస్తాను."

"ఆలోచించి రేపటిలోగా ఒక్క మాట చెప్పండమ్మగారూ."

ఆలోచించాను. ఉగాదినాడు పద్యం లేకపోతే ఎలా? పంచాంగం లేని ఉగాది, పద్యం లేని ఉగాది ఒకటే. వచ్చేది విరోధి నామ సంవత్సరం. దాని మీద ఐదో పద్యంలో వేసిన శ్లేష కాకినాడలో అయితే సభ లేచి నిలబడేది. నా కోసం కాదు, సంప్రదాయం కోసం. ఇద్దరు పిల్లలు ఒక పాట ఇంట్లో ఆడుకున్నా ఆడుకున్నట్టే. పద్యం సభలోనే చదవాలి.

మార్చి 25

అతను ఫోను చేస్తాడేమోనని చూశాను. నేనే చెయ్యాలి. చెయ్యలేదు.

మార్చి 28, శనివారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

దీపం వెలిగించారు. నన్ను పిలిచారు. ఐదు పద్యాలూ చదివాను. గొంతు సహకరించింది. ఐదో పద్యానికి చప్పట్లు కొట్టారు. స్టేజి పక్క తెర సందులో రెండు పసుపుపచ్చ కోట్లు కనబడ్డాయి. వాళ్ళు కూడా చప్పట్లు కొడుతున్నారు. బట్టలు సాయంత్రం నుంచే వేసుకుని కూర్చున్నారు, ఎప్పుడు పిలుస్తారో అని.

చిన్నపిల్లలు ఆడారు. అందులో ఒకడు స్టేజి మీదే నిద్రపోయాడు. చీఫ్ గెస్టు ఎనిమిదింటికి వచ్చాడు. తెలుగు గొప్పతనం మీద ఇంగ్లీషులో మాట్లాడాడు. శాలువాలు. నాకు కూడా ఒకటి. డ్రాలో బంగారు కాసు ఎవరికో వచ్చింది, ఆయన అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడట. వెతికారు. ఇంకో చీటీ తీద్దామని కొందరు, తీయకూడదని కొందరు.

అయ్యేసరికి హాల్లో కుర్చీలే ఉన్నాయి. ముందువరసలో బుడేన్‌బీ, షావలి, మా పద్మశ్రీ, నేను. షావలి కొత్త చొక్కాకు ఇస్త్రీ మడత ఇంకా పోలేదు. అచ్చిబాబు మైకు పట్టుకుని, "అమ్మా, అయ్యా, ఇంకొక్క చక్కటి ఐటమ్ ఉందండి, దయచేసి కూర్చోవాలండి," అని పొట్లాల వరుసకేసి బతిమాలాడు. పాపం, అతను బతిమాలాడు. అది రాసుకోవాలి.

పిల్లలు స్టేజి మధ్యకు వచ్చి నిలబడ్డారు, వీపులు ఆనించుకుని. దేవిక మెడ తిప్పి సౌండు అతనికి తల ఊపింది. పాట మొదలైంది. జీనత్ చెయ్యి ఇంకా పైకి లేవనేలేదు, వాచ్‌మన్ "యల్లా, యల్లా, ఖలాస్" అంటూ మెయిను ఆపేశాడు. పాట తెగిపోయింది. వెనక బ్యానరు విప్పేవాడు నిచ్చెన వేసి, "పాపా, కొంచెం జరగండి," అన్నాడు.

దేవిక ఏడవలేదు. జీనత్ నవ్వింది. ఏడుస్తా చూడకూడదని ముందే చెప్పిన పిల్ల కదా. బుడేన్‌బీ స్టేజి ఎక్కి ఇద్దరి కోట్లూ విప్పి మడతపెట్టింది. ఆ పరదా గుడ్డ ఎంత మడిచినా లేచి వచ్చేస్తోంది.

నేను శాలువా కప్పుకునే కూర్చున్నాను.

కారులో దేవిక నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ట్రై చేశావుగా అమ్మమ్మా. నువ్వు ఫీలవ్వకు."

ముందు సీట్లోంచి పద్మశ్రీ అద్దంలో నా మొహం చూసింది. నా మొహం చదవడం దానికి చిన్నప్పటినుంచీ సిలబస్. ఇంటికి వచ్చాక వంటింట్లో అడిగింది: "అమ్మా, ఆ రోజు నేను పెసరట్లు వేస్తున్నానే గాని, చెవులు మూసుకోలేదు. కావాలనే చేశావా?"

"చిన్నపిల్లలు నిద్రకు ఆగలేరని..."

"సరేలే," అంది. అది నమ్మిన సరేలే కాదు.

మార్చి 28, మళ్ళీ

పద్యాలు బాగున్నాయని నలుగురు ఫోను చేశారు. ఐదోది చదివి వినిపించమన్నారు. వినిపించాను.

వినిపించాను!

మార్చి 29, ఆదివారం

ఎయిర్‌పోర్టుకు పోతూ పోతూ జీనత్ వాళ్ళు మన మెట్లెక్కారు. పిల్లలిద్దరూ తలుపు దగ్గర ఒకరినొకరు చూసుకోవడం లేదు. చూసుకుంటే అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

జీనత్ నా దగ్గరకు వచ్చింది. "అవ్వా, మీ పద్యాలు మస్తుగా ఉండాయి. తెర కాడ నిలబడి విన్న్యా. ఐదోది నాకు వచ్చేసింది." గడగడా అప్పజెప్పింది. ఒక్క అక్షరం తప్పలేదు. నేను విరిచిన చోటే విరిచింది, నేను ఊపిరి తీసిన చోటే తీసింది.

అప్పుడైనా చెప్పవలసింది. లిఫ్టు వచ్చింది.

మార్చి 31

దేవిక ఆ సీడీ పెట్టడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. నీకు కావలసింది ఇదే కదా, సూరాయమ్మా. అనుభవించు.

ఏప్రిల్ 2, గురువారం

ఇవాళ చెప్పేశాను.

ధైర్యం వచ్చి కాదు. కొత్త క్లాసు మొదలైంది. దేవిక అట్టలు వేసుకుంటూ, "వచ్చే ఉగాదికి నీ పద్యాలు నేనే చదువుతా అమ్మమ్మా. డాన్స్ చెయ్యడానికి ఎవరూ లేరుగా," అంది. మామూలుగానే అంది. దెప్పడం ఇంకా రాలేదు దానికి.

అట్ట వేస్తున్న పుస్తకం మూసి, కూర్చోబెట్టి, చెప్పాను. అచ్చిబాబుకు చెప్పింది నేను. డ్రా తరువాతంటే ఏమిటో తెలిసే చెప్పాను. పద్యాలు చదవనన్నావని కోపమొచ్చింది. తరువాత, ఆ పిల్ల వెళ్ళిపోతోందని తెలిశాక, నా జాగా మీకిమ్మని అచ్చిబాబు అడిగితే ఇవ్వలేదు.

దేవిక టేపు చుట్ట చేతిలో తిప్పుతూ అంచు వెతుక్కుంటోంది.

"అంటే రెండుసార్లు," అంది.

"ఆఁ?"

"ఫస్ట్ టైమ్ తెలీక చేశావు. జీనత్ వెళ్ళిపోతోందని తెలీక. సెకండ్ టైమ్ తెలిసి చేశావు."

మొదటిది కోపంతో చేశాను, రెండోది చప్పట్ల కోసం చేశాను అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ. నా కాపీ దిద్దే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదని రాశాను గదా. అదీ తప్పే.

"నీ మీద కోపంగా ఉంది అమ్మమ్మా," అంది. "చాలా రోజులు ఉంటుంది."

"ఉండనీ."

"అచ్చిబాబు అంకుల్‌ని నేను ఎంత తిట్టాను! నువ్వు కూడా తిట్టావు!"

"తిట్టాను."

"జీనత్‌కి ఎవరు చెప్తారు?"

"నువ్వు చెప్పవే. నీ స్నేహితురాలు."

"నేనా? చేసింది నువ్వు."

"అయితే ఉత్తరం రాస్తాను. అన్నీ వివరంగా..."

"ఉత్తరం వద్దు," అంది దేవిక. "ఉత్తరం అయితే నువ్వు బాగా రాసేస్తావు. అది చదివి జీనత్ నిన్నే ఓదారుస్తుంది. ఫోన్ చెయ్యి."

పదమూడేళ్ళు. నాకు డెబ్బై. ఉత్తరంలో మొదటి వాక్యం నేను అప్పటికే మనసులో కూర్చేశాను, మంచి వాక్యం. దాన్ని వదిలేశాను.

"నువ్వు పక్కన ఉంటావా?"

"ఉంటా. హెల్ప్ చెయ్యను."

టేపు అంచు దొరికింది దానికి. నాలుగో పుస్తకానికి అట్ట వేసుకుంది. నేను కాగితం పట్టుకుంటానంటే వద్దంది.

ఏప్రిల్ 3, శుక్రవారం

సూరాయమ్మా, రేపటి పని.

పొద్దున్నే కింద బకాలా కొట్టుకు వెళ్ళు. ఇండియాకు ఫోను కార్డు అడుగు. పద్మశ్రీని పంపకు, నువ్వే వెళ్ళు. నంబరు మీద పూత గోరుతో గీకకు, అంకెలు చెరిగిపోతాయి, నాణెంతో గీకు. సాయంత్రం దేవిక చదువు అయ్యాక చెయ్యి. రాయచోటిలో బుడేన్‌బీ ఎత్తుతుంది. క్షేమాలు అడుగుతూ కూర్చోకు, జీనత్‌ని పిలవమను. అది పద్యం ఎత్తుకోకముందే చెప్పెయ్యి.

కార్డులు రెండు తీసుకో. మొదటిది నువ్వు నీళ్ళు నములుతుండగానే అయిపోతుంది.